గంజాం తీరంలో పీతల నిల్వను అంచనా వేయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గోపాలపూర్ వైపు పీతల నిల్వ, అంటే సముద్రంలో ఉన్న పీతల మొత్తం, ఎలా ఉందో, ఈ వేట ఇలాగే సాగితే నిలుస్తుందో లేదో తేల్చే పని నీకు అప్పగించారని రాశావు. ఏడాదికి ఎన్ని టన్నులు దిగాయన్న లెక్క ఒక్కటే చూసి నిర్ణయానికి రాకు. పడవలు పెరిగినా, రేటు బాగుండి ఎక్కువ రోజులు వేటకు వెళ్ళినా, సముద్రంలో పీతలు తగ్గుతూ ఉండగానే దిగుబడి పెరగవచ్చు. అందుచేత ప్రతి పడవా ఎన్ని బారల వల వేసింది, ఎంతసేపు నీటిలో ఉంచింది, ఎన్ని కిలోలు తెచ్చింది అన్న మూడూ కలిపి రాసుకో.

కొలతలకు తెల్లవారుజామున వలల నుంచి పీతలను విడదీసే చోటే కూర్చో. దళారి బుట్టకు చేరేలోగా చిన్నవీ కాళ్ళు విరిగినవీ వేరైపోతాయి. మిగిలిన పెద్దవాటినే కొలిస్తే నిల్వ భేషుగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది. డిప్ప వెడల్పును రెండు పక్కల ముళ్ళ కొనల మధ్య మిల్లీమీటర్లలో తీసుకో. వెల్లకిలా తిప్పినప్పుడు పొట్ట మడత సన్నగా ఉంటే మగది, గుండ్రంగా వెడల్పుగా ఉంటే ఎదిగిన ఆడది, త్రికోణంగా ఉంటే ఇంకా ఈడుకు రాని ఆడది. గుడ్లు మోస్తున్నదైతే వాటి రంగు కూడా రాయి: పసుపు, నారింజ రంగులవి ఈమధ్య పెట్టినవి, నల్లబడినవి పగిలి పిల్లలు రావడానికి దగ్గరపడినవి. డిప్ప మీద మూడు మచ్చలున్న పీత వేరే జాతిది, దాన్ని నీలి పీతతో ఒకే పట్టికలో కలపవద్దు.

పీత పెంకు విడిచి పెరుగుతుంది కనుక వయసు చెప్పే వలయాలు దొరకవు; ఇంచుమించు ఒకే వెడల్పున్న పీతల గుంపులు నెలనెలా పెద్ద వెడల్పుల వైపు ఎలా జరుగుతున్నాయో చూసి పెరుగుదలనూ మరణాల రేటునూ లెక్కకట్టాలి. మొత్తం మరణాలలో వేట వాటా 0.5 దాటితే అతివేట అనే కొలబద్దను అందరూ వాడతారు గానీ, నాకు దాని మీద అంత నమ్మకం లేదు. వేటే లేకపోతే ఉండే గుడ్లు పెట్టే శక్తిలో ఇప్పుడు ఎంత శాతం మిగిలిందో కూడా చూడు. 20 శాతానికి దిగితే ప్రమాదమని చాలాచోట్ల లెక్కిస్తారు. వల కన్ను పెద్దదైతే చిన్న పీతలు అసలు చిక్కవు, కాబట్టి అవి కనబడనంత మాత్రాన సముద్రంలో లేవని రాయకు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు నిషేధం ఉంటుంది గనుక ఆ 61 రోజుల అంకెలను మిగతా నెలలతో నేరుగా పోల్చకు. బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇచ్ఛాపురం వైపు పడవలూ ఒడిశా పడవలూ ఒకే నీటిలో వల వేస్తాయి. రెండు రాష్ట్రాల లెక్కలూ కలపకపోతే నీ అంచనా సగమే. మన వాళ్ళతో తెలుగులోనే మాట్లాడు, రేటు సంగతి ముందుగా ఎత్తకు.

మొదటి రెండు నెలల కొలతల పట్టికలు పంపు, చూసి రాస్తాను.

ఇట్లు,
మామయ్య