చిన్నా, ఆ షెల్ఫ్ హాల్ మధ్యలో నిలబెట్టే ముందు ఇది చదువు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, వీడు హాలుకీ డైనింగుకీ మధ్య షెల్ఫ్ పెట్టి పార్టిషన్ చేస్తాడంట, మనిషిని పిలవకుండా తనే బిగిస్తాడంట, డ్రిల్ మెషిన్ కూడా కొన్నాడు అని చెప్పింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను రా. మన పిల్లలంతా కంప్యూటర్ ముందే కూర్చున్నారు, పనిముట్టు పట్టేవాడు ఒక్కడూ లేడు అని మీ అత్త దగ్గర ఎన్నిసార్లు బాధపడ్డానో. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మీ పాప ఇప్పుడు ఏది కనపడితే అది పట్టుకుని ఎక్కే వయసులో ఉంది కదా, కళ్ళు మూస్తే అదే గుర్తొస్తోంది. అందుకే పొద్దున్నే లేచి టైప్ చేస్తున్నా, పెద్దగా ఉందని వదిలెయ్యకుండా మొత్తం చదువు.

కొలతలు, లెవెల్ చూసుకోవడం, డ్రిల్లింగ్ టైమింగ్ గురించి సొసైటీ వాళ్ళని అడగడం ఇవన్నీ నీకు తెలిసినవే. కంట్లో దుమ్ము పడకుండా కళ్ళకి అద్దాలు పెట్టుకో. అంతే.

అసలు విషయం ఏంటంటే, గోడకి ఆనించి పెట్టే షెల్ఫ్ వేరు, గోడకి అడ్డంగా నిలబెట్టేది వేరు. మామూలు దానికి వీపంతా గోడే ఉంటుంది, పైన రెండు క్లాంపులు కొడితే చాలావరకు ఆగిపోతుంది. నువ్వు పెట్టేది ఐదడుగుల పొడవు, అడుగు వెడల్పు అంట, అంటే గోడకి తగిలేది ఒక్క పక్క చెక్క మాత్రమే, రెండో చివర గాల్లో ఉన్నట్టే. ఆ చివర ఎవరైనా చెయ్యేసి నెట్టారనుకో, బలమంతా గోడ దగ్గర ఉన్న నాలుగు స్క్రూల మీద మెలి తిరిగి పడుతుంది, గోడలో స్క్రూ కోసం దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు ఎంత మంచిదైనా రోజూ అలా కదిలితే వదులైపోతుంది. షాపు వాడు డబ్బాలో పెట్టి ఇచ్చే చిన్న ఎల్ క్లాంపు వీపు గోడకి ఆనించేవాళ్ళ కోసం రా, నీ పనికి అది ఒక్కటే చాలదు.

అందుకని గోడకి దూరంగా ఉన్న చివర ఒక నిలువు పైపు పెట్టు. ఇంచిన్నర చదరం ఇనుప పైపు, రెండు మిల్లీమీటర్ల మందం, కిందా పైనా నాలుగేసి రంధ్రాలున్న ప్లేట్లు వెల్డింగ్ చేయించు. కింద ఫ్లోర్‌కి, పైన స్లాబుకి యాంకర్ ఫాస్టెనర్లతో (కాంక్రీటులో బిగుసుకునే బోల్టులు) బిగించి, షెల్ఫ్ పక్క చెక్కని దానికి మూడు నాలుగు చోట్ల బోల్టు చెయ్యి. తర్వాత ప్లైవుడ్ తొడిగితే పైపు కనపడదు. షెల్ఫ్ పార్టికల్ బోర్డు (చెక్క పొట్టు అతికించి చేసేది) అయితే స్క్రూ కాదు, ఇటునుంచి అటు దూరే బోల్టూ వాషరూ వెయ్యాలి, ఆ బోర్డులో స్క్రూ ఒకసారి ఊడిందంటే మళ్ళీ అదే రంధ్రంలో పట్టదు.

ఇప్పుడు గోడ సంగతి. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ చెప్తాను, నువ్వు విసుక్కోకు.

నేను పనికి కొత్తగా చేరినప్పుడు విజయవాడలో పటమట వైపు ఒక ఇంట్లో ఇలాంటిదే చేశారు, హాల్లో అడ్డంగా టేకు ఫ్రేముతో షోకేసు, టీవీ ఒక పక్క, బొమ్మలు ఒక పక్క. తెల్లారుజామున గృహప్రవేశం, ముందు రోజు రాత్రి వరకూ పని అవ్వలేదు, ఇంటాయన గుమ్మంలో నిలబడి తొందర పెడుతున్నాడు. పెద్దమేస్త్రి గోడకి పైన వేసిన రంధ్రం సరిగ్గా రెండు ఇటుకల మధ్య సందులో పడింది. సందులో సిమెంటు బలంగా లేదు, ఇసుక రాలినట్టు రాలిపోతోంది, స్క్రూ పెడితే గిర్రున తిరుగుతోంది. రెండంగుళాలు పక్కకి జరిపి ఇంకో రంధ్రం వేస్తే అయిపోయేది. ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి, నాలుగు పుల్లలు తల విరిచి రంధ్రంలో దూర్చి, మీద స్క్రూ బిగించాడు. పట్టింది. చేత్తో లాగి చూశాడు, ఆగింది. మీద లప్పం పూసి రంగు వేసేశారు, పొద్దున్న పూజకి వచ్చినవాళ్ళందరూ ఎంత బాగుందో అన్నారు.

తర్వాత వానాకాలంలో ఒకరోజు ఆ ఇంటి పిల్లాడు పై అరలో ఉన్న బొమ్మ కోసం రెండో అర మీద కాలు పెట్టి ఎక్కాడు. షోకేసు ముందుకి వచ్చేసింది. డైనింగ్ టేబుల్ అంచు అడ్డు పడింది కాబట్టి పూర్తిగా మీద పడలేదు, లేకపోతే ఏమయ్యేదో నేను రాయలేను. పిల్లాడికి భుజం దగ్గర ఎముక విరిగింది. మమ్మల్ని పిలిపిస్తే వెళ్ళాం. గోడలో రంధ్రం చూస్తే లోపల చెమ్మకి నల్లబడి మెత్తబడిపోయిన పుల్లల ముక్కలు, స్క్రూకి చుట్టుకుని ఇంత ఇసుక. టేకుకి మాత్రం గీత పడలేదు. వాళ్ళమ్మ ఒక్క మాట కూడా అనలేదు మమ్మల్ని, పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అలా చూస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచీ నా పనిలో అగ్గిపుల్ల పెట్టినవాణ్ణి ఎవర్నీ ఉండనివ్వలేదు.

కాబట్టి నువ్వు డ్రిల్ వేసేటప్పుడు బయటికొచ్చే పొడి చూడు. మొదట బూడిద రంగు వస్తుంది, అది పైన ప్లాస్టరింగ్, అర అంగుళం కంటే ఎక్కువ మందమే ఉంటుంది. తర్వాత ఎర్రగా మారితే ఇటుకలోకి వెళ్ళావన్నమాట, మంచిది. ఎర్రగా మారకుండా బూడిదగానే మెత్తగా దిగిపోతుంటే సందులో ఉన్నావు, ఆపి పక్కకి జరుగు. తెల్లగా పిండిలా రాలితే ఏఏసీ బ్లాకు, అంటే తేలికపాటి సిమెంటు బ్లాకు, మియాపూర్ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా అవే. దానికి హ్యామర్ మోడ్ (దెబ్బ కొడుతూ తిరిగేది) ఆపేసి మామూలుగా తిప్పు, ఏఏసీ కోసం విడిగా దొరికే పొడుగు ప్లగ్గులే వాడు. స్క్రూ పొడవు లెక్కేసేటప్పుడు చెక్క మందం, ప్లాస్టరింగ్ మందం తీసేసి మిగిలిందే నీది అనుకో. రంధ్రంలో పొడి మొత్తం తీసెయ్యి, నోటితో మాత్రం ఊదకు, కంట్లో పడుతుంది.

స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా కిందా డ్రిల్ పెట్టొద్దు, వైరు పైపులు నిలువుగా అక్కడే వెళ్తాయి. ఆ గది కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్ ఆపి, పక్క గది నుంచి ఎక్స్‌టెన్షన్ తెచ్చుకో.

పైన మీకు ఫాల్స్ సీలింగ్ ఉంది కదా, ఆ జిప్సం బోర్డుకి ఏదీ బిగించకు, అది తన బరువు మోయడానికే ఉంది. బోర్డుకి రంధ్రం కోసి పైపు స్లాబు దాకా వెళ్ళాలి. ఇంకో మాట, కొన్ని పెద్ద టవర్లలో పోస్ట్ టెన్షన్ స్లాబులు ఉంటాయి, లోపల లాగి బిగించిన స్టీలు తీగలు ఉంటాయి, మీది అదో కాదో బిల్డర్ని అడగకుండా స్లాబులో డ్రిల్ పెట్టనే పెట్టొద్దు. ఫ్లోర్‌లో కూడా అంతే, టైల్స్ కింద నీళ్ళ పైపో కరెంటు పైపో ఉండొచ్చు, డ్రాయింగ్ చూడు. టైల్‌కి టేప్ అంటించి టైల్ బిట్‌తో నెమ్మదిగా వెయ్యి, టైల్ దాటాకే హ్యామర్.

మావయ్య అనవసరంగా భయపడుతున్నాడు అనుకోకు. 2016లో అమెరికాలో ఐకియా వాళ్ళు గోడకి బిగించకపోతే పిల్లల మీద పడుతున్నాయని దాదాపు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలు వెనక్కి పిలిచారు, డాలస్‌లో మీ బావ వాళ్ళింట్లో అన్నీ గోడకి కట్టేసి ఉంటాయి. 2024 డిసెంబర్ 4న పొద్దున్న ములుగు దగ్గర 5.3 భూకంపం వస్తే హైదరాబాద్‌లో కూడా ఇళ్ళు కదిలాయి, గుర్తుంది కదా.

బరువైన పుస్తకాలు, ఇత్తడి సామాను కింది అరల్లో పెట్టు. పాపకి ఇష్టమైనవి పై అరలో అస్సలు పెట్టొద్దు, అమ్మాయికి కూడా చెప్పు. నెల తర్వాత బోల్టులన్నీ ఇంకోసారి బిగించి చూడు.

నువ్వు చెయ్యగలవు రా, చిన్నప్పుడు నా ఉలి పట్టుకుని వదిలేవాడివి కాదు. కాకపోతే పైపు ఇప్పుడే కోయించకు. స్లాబుకీ ఫ్లోర్‌కీ మధ్య ఎత్తు మూడు చోట్ల కొలిచి, గోడలో వేసిన మొదటి రంధ్రం పొడి ఫోటోతో కలిపి నాకు వాట్సాప్ చెయ్యి. శనివారం పొద్దున బండికి వస్తున్నా, నా పెద్ద డ్రిల్ మెషిన్ తెస్తాను, స్లాబు పని ఇద్దరం కలిసి చేద్దాం.

మీ మావయ్య