గుండె కోలుకున్నాక కొండదారిలో యాభై కిలోమీటర్లు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మాది అనంతపురం, ఉద్యోగరీత్యా బెంగళూరులోని వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాం. నిరుడు వైరల్ జ్వరం తర్వాత గుండె కండరానికి వాపు వచ్చింది, మయోకార్డైటిస్ అన్నారు. ఆరు నెలలు విశ్రాంతి తీసుకున్నాక డాక్టరుగారు పరుగెత్తవచ్చన్నారు. అంతకుముందు రెండు మారథాన్లు పూర్తిచేశాను. ఇప్పుడు చిక్కమగళూరు కాఫీ తోటల్లో 50 కిలోమీటర్లు పరుగెత్తాలని ఉంది. నా భార్య భయపడుతోంది. వెళ్లవచ్చా?

జవాబు: ముందుగా మీ శ్రీమతిగారి భయం అకారణమైనది కాదని చెప్పాలి. ఈ జబ్బు తర్వాత మూడు నుంచి ఆరు నెలలు కఠిన వ్యాయామం వద్దనడానికి కారణం, వాపు ఉన్న కండరంపై శ్రమ పడితే గుండె లయ ప్రమాదకరంగా తప్పే అవకాశం ఉండటమే. వాపు తగ్గాక కూడా కండరంలో మచ్చ మిగిలిపోవచ్చు. అందుచేత ఎకో, హోల్టర్ (రోజంతా గుండె లయను నమోదు చేసేది), ట్రెడ్‌మిల్ పరీక్షలు, అవసరమైతే గుండె ఎం.ఆర్.ఐ. చూశాకే ఆ అనుమతి ఇచ్చారా అని కార్డియాలజిస్టును అడగండి. ఉదయపు పరుగు గురించి కాదు, ఎనిమిది తొమ్మిది గంటలు కొండలెక్కి దిగడం గురించి అడుగుతున్నానని స్పష్టంగా చెప్పండి. మీ శ్రీమతిగారిని కూడా వెంట తీసుకువెళ్లండి, ఆ జవాబు ఆవిడ స్వయంగా వినడం అవసరం.

ఆయన సరేనంటే తప్పక వెళ్లండి. మారథాన్ 42.195 కిలోమీటర్లు కాబట్టి మిగిలింది ఎనిమిదే కదా అనుకోవద్దు, కొండదారిలో లెక్క దూరానిది కాదు, ఎక్కిన ఎత్తుది, గడిచిన గంటలది. వారాంతాల్లో సుల్తాన్‌పేట వైపు మెట్ల మీదుగా, సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తున్న నంది కొండ ఎక్కి దిగడం మీకు అందుబాటులో ఉన్న మంచి సాధన. ఎక్కేటప్పుడు నడవండి, అనుభవజ్ఞులూ అదే చేస్తారు. దిగడం మీద మరింత శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే అడుగడుగునా తొడ ముందు కండరాలు సాగుతూనే శరీరపు బరువును ఆపవలసి వస్తుంది. నేను తొలిసారి కొండదారిలో పరుగెత్తినప్పుడు ఎక్కడాన్నే సాధన చేశాను. మర్నాడు మా ఇంటి మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. కాఫీ తోటల బాటల్లో రాలిన సిల్వర్ ఓక్ ఆకుల కింద వేర్లు, రాళ్లు కనిపించవు, కాబట్టి చిన్న అడుగులు వేయండి.

నీళ్లు దాహాన్ని బట్టి తాగండి, అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఆ రోజు వేసుకోవద్దు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఆ వారంలో జ్వరం తగిలితే ప్రయాణమే మానుకోండి. దారిలో ఛాతీనొప్పి, దడ, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగి, సహాయకులకు చెప్పండి. మీ శ్రీమతిగారు ఏ మజిలీ దగ్గర నిలబడతారో ముందే అనుకుని, అక్కడ ఆవిడ ఆగమంటే ఎదురు చెప్పకుండా ఆగుతానని ఇప్పుడే మాటివ్వండి.