సెన్సార్ అయింది అంటే విడుదలైనట్టా, ఆగిపోయినట్టా?

సందేహం: 'మా సినిమా సెన్సార్ అయిపోయింది' అని నిర్మాతలు సంబరంగా చెబుతారు. 'ఆ వార్త సెన్సార్ అయింది' అంటే మాత్రం అది జనానికి చేరలేదని అర్థం. ఒకే మాటకు ఈ తిరకాసేమిటి? తెలుగులో 'నిషేధం' అంటే సరిపోదా?

సమాధానం: సరిపోదు. ముందు తిరకాసు సంగతి చూద్దాం. పూర్వం రోములో సెన్సార్ అంటే ఒక అధికారి. జనాభా లెక్కలు రాయడం, పౌరుల నడవడి మీద కన్నేసి ఉంచడం ఆయన పని. 'సెన్సస్' కూడా ఆ కుదురు మాటే. మనకు ఈ మాట సినిమాల వల్ల బాగా అలవాటైంది. అక్కడ సెన్సార్ అంటే దాటాల్సిన గేటు. దాటితే విడుదలే కాబట్టి 'అయిపోయింది' అంటారు. పత్రికలకు ఆ గేటు మామూలుగా ఉండదు, పెట్టారంటే ఆపడానికే. అందుకే అక్కడ అర్థం తిరగబడింది.

సినిమా బోర్డు పేరులోంచి 'సెన్సార్' 1983లోనే పోయింది, ఇప్పుడది ధ్రువీకరణ బోర్డు. జనం నోట మాత్రం ఇంకా సెన్సార్ బోర్డే! పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళే తల్లికి పోస్టరు మీది 'ఎ' అక్షరం పనికొస్తుంది, కాదనను. కానీ అది వయసు చెప్పడం. కోయడం వేరు, నిషేధించడం మరీ వేరు.

ఈ తేడాకు పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం 'రాధికాసాంత్వనము' కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మకు మొదట దొరికిన అచ్చు ప్రతిలో కవయిత్రి పీఠికా లేదు, కొన్ని పద్యాలూ లేవు. మూలప్రతి సంపాదించి చూస్తే గాని ఆ సంగతి ఆమెకు తెలియలేదు. ఇది కోత. పూర్తి పాఠాన్ని ఆమె 1910లో వావిళ్ళవారి ద్వారా అచ్చు వేయించారు. అశ్లీలమంటూ మరుసటి ఏడే ప్రభుత్వం దాన్ని ఆపింది. ఇది నిషేధం. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రిగా) ఉన్నప్పుడు ఆ నిషేధాన్ని ఎత్తేశారు, 1952లో పుస్తకం మళ్ళీ వచ్చింది. నిషేధం అందరికీ కనబడుతుంది, కనుక దానితో పోరాడవచ్చు. కోత పాఠకుడికి కనబడదు. నన్నడిగితే రెండోదే ఎక్కువ భయం. 1975 ఎమర్జెన్సీలో కొన్ని పత్రికలు సంపాదకీయం చోటు ఖాళీగా వదిలేసింది అందుకే: కోతను కంటికి కనబడేలా చేయడానికి.

కాబట్టి మొత్తంగా ఆపితే 'నిషేధం', కొంత తీసేస్తే 'కోత' లేదా 'కత్తిరింపు', ముందుగా చూసి అనుమతించే పద్ధతికి 'సెన్సార్' అనే రాయండి. కొత్త మాట పుట్టించాల్సిన పని లేదు. విభక్తి చేరినప్పుడు 'సెన్సారుకు', 'సెన్సారులో' అంటే సాఫీగా ఉంటుంది. ఫోన్లో వేలిముద్ర పట్టేది వేరే మాట, దాన్ని 'సెన్సర్' అని రాస్తే గొడవ ఉండదు.