విందు బల్లల మీద పూల అలంకరణ మనమే చేసుకోవడం గురించి అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ అనేక ఆశీస్సులతో వ్రాయునది.

మాఘంలో ముహూర్తం కుదిరిందనీ, రాజమండ్రిలోనే కల్యాణ మండపం మాట్లాడుకున్నారనీ మీ అమ్మ చెప్పినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. విందు బల్లల మీద పూలు సర్దడానికి డెకరేషన్ వాళ్లు చెప్పిన ధర విని, ఆ పని మనమే చేసుకోలేమా అని నువ్వు అడిగావు. తప్పకుండా చేసుకోగలం. మన ఇళ్లలో జరిగిన పెళ్లిళ్లకు పూల పని ఎన్నో ఏళ్లుగా నా చేతుల మీదుగానే నడిచింది కనుక, ఖర్చు ఎక్కడ తగ్గుతుందో, ఎక్కడ తగ్గించకూడదో చెప్పగలను. ఫోనులో నచ్చిన బొమ్మను ముందు పెట్టుకుని దానికోసం పూలు వెతకవద్దు. ఆ కాలంలో దొరికేవి, హాలు వేడిలో ఆరేడు గంటలు వాడకుండా నిలిచేవి ఏ పూలో ముందు చూసుకుని, వాటికి తగిన అలంకరణ తరువాత ఎంచుకోవాలి. ఈ వరుస తప్పితే మనం చేసుకున్నా డెకరేషన్ వాళ్లు చేసినంత ఖర్చూ అవుతుంది.

మనం చేయకూడని పనులు ముందే పక్కన పెడతాను. పెళ్లి దండలు, పూలజడ, మండపం అలంకరణ చేయి తిరిగిన పూలవాళ్లకే వదిలెయ్యండి. వాటిలో మిగిలే డబ్బు కంటే పెళ్లినాడు పడే కంగారే ఎక్కువ. బల్లల మీద పెట్టేవి, గుమ్మం దగ్గర ఉర్లిలో, అంటే వెడల్పాటి ఇత్తడి పాత్రలో, నీళ్ల మీద తేలేవి మాత్రం మన ఇంటి ఆడపిల్లలు హాయిగా చేయగలిగిన పనులు.

మాఘమాసం నీ అదృష్టం అనే చెప్పాలి. చలికాలం పంట కావడంతో చామంతి ఆ రోజుల్లో బాగా దొరుకుతుంది, బంతికి కొదవ ఉండదు, పైగా చల్లటి రోజులు కనుక కోసిన పువ్వు త్వరగా వాడిపోదు. మల్లెలు కావాలని మాత్రం పట్టుపట్టకు. వాటి కాలం ఎండలు ముదిరేటప్పుడు వస్తుంది, అంతకు ముందు దొరికినా ధర మండిపోతుంది. నిండుతనానికి బంతి, చామంతి, మధ్యలో ఒకటి రెండు గులాబీలు లేదా జెర్బెరా పూలు, చుట్టూ ఆకు ఉంటే ఏ బల్లకైనా చాలు. నాలుగైదు రకాల పూలు కలిపితే ఖర్చు పెరుగుతుంది, చూపు ఒకచోట నిలవదు. రెండు రంగులకు కట్టుబడి ఉండడమే నా మాట.

మీకు కడియపులంక పూల మార్కెట్ దగ్గరే కనుక విడిపూలు కిలోల లెక్కన అక్కడే కొనండి. అయితే మాఘంలో మంచి ముహూర్తం ఉన్న రోజున మనింట్లోనే కాదు, ఊరంతా పెళ్లిళ్లు ఉంటాయి. రథసప్తమి, మహాశివరాత్రి కూడా ఆ నెలలోనే వస్తాయి. ఆ రోజులకు అటూ ఇటూ పూల ధర ఒక్కసారిగా పెరిగిపోతుంది. అందుకని మీ నాన్నను పదిహేను రోజుల ముందే ఒకసారి మార్కెట్‌కు వెళ్లి, కొట్టువాళ్లతో ధర మాట్లాడి, కొంత బయానా ఇచ్చి రమ్మను. ఎన్ని కిలోలు కావాలో అప్పటికే మీకు తెలిసి ఉండాలి. అది తెలుసుకునే దారి చివర్లో చెబుతాను.

ఇప్పుడు అసలు పనికి వస్తాను. ఈ మధ్య అందరూ పూలు గుచ్చడానికి ఆకుపచ్చని స్పాంజి దిమ్మలు కొంటున్నారు. అవి ఒక రకం ప్లాస్టిక్, మట్టిలో కలిసిపోవు, పాతిక బల్లలకు కొంటే ఖర్చూ తక్కువేమీ కాదు. వాటి బదులు అరటి బోదె వాడండి. గెల కోసిన తరువాత ఆ చెట్టును ఎలాగూ నరికేస్తారు కనుక, గోదావరి జిల్లాల్లో తోట ఉన్నవాళ్లను అడిగితే ఊరికే ఇస్తారు. బోదె పై పొరలు రెండు మూడు ఒలిచి, మూడు నాలుగు అంగుళాల మందాన అడ్డంగా ముక్కలు కొయ్యండి. కోసిన ముఖం చూస్తే తేనెపట్టులాగా గదులు గదులుగా, వాటి నిండా నీటితో కనిపిస్తుంది. ఆ నీరే కాడ ఉన్న పువ్వుకు ఒక పూట సరిపోతుంది. బంతికి, చామంతికి కాడ ఉండదు కాబట్టి కొబ్బరి ఈనెను జానెడు కన్నా తక్కువ ముక్కలుగా విరిచి, పువ్వు అడుగున తొడిమలోంచి గుచ్చి, ఆ ఈనెను బోదెలోకి దింపాలి. పువ్వు పైకి ఈనె పొడుచుకు రాకూడదు, సగం దాకా వెళ్లగానే ఆపేయాలి. మొదట బోదె చుట్టూ అంచున ఆకులు గుచ్చుకుని, తరువాత కిందివరుస పూలు పెట్టి, అక్కడి నుంచి పైకి వస్తే ఎక్కడా ఖాళీ కనిపించదు. బోదె పసరు బట్టకు అంటితే ఆ మరక ఎంత ఉతికినా వదలదు. ఆ పని చేసేటప్పుడు పాత బట్టలు కట్టుకోండి, బల్ల మీద పెట్టేటప్పుడు కింద తప్పనిసరిగా స్టీలు పళ్లెమో, మట్టి మూకుడో ఉంచండి. ఆ పళ్లెం అంచులు కనపడకుండా ఒక అరటాకు ముక్క పరిస్తే సరిపోతుంది.

ఆకు విషయంలో డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. మామిడాకులు, నరమామిడి ఆకులు, క్రోటన్ కొమ్మలు ఇరుగుపొరుగు పెరళ్లలో ఉంటాయి, అడిగి కోసుకోండి. ముందు రోజే కోసి, కడిగి, తడి గుడ్డతో తుడిచి నీడలో ఉంచితే తాజాగా ఉంటాయి. అలంకరణలో సగానికి పైగా ఆకే ఉండేలా చూసుకుంటే పూల ఖర్చు తగ్గినట్టు ఎవరికీ తెలియదు, పైగా పువ్వు రంగు ఇంకా బాగా తేలుతుంది. అయితే ఒక్క హెచ్చరిక చాలా గట్టిగా చేస్తున్నాను. రోడ్ల మధ్యన పెంచే గన్నేరు చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఊరికే దొరుకుతుంది, అయినా దాన్ని భోజనాల దగ్గరకు రానివ్వవద్దు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే, పచ్చగన్నేరు కూడా అంతే. చిన్నపిల్లలు చేతికందింది నోట్లో పెట్టుకుంటారు. అలాగే మార్కెట్ పూల రేకులను వడ్డించే పళ్లాల మీద, మిఠాయిల మీద చల్లకండి. వాటి మీద పురుగుమందు కొట్టి ఉంటారు.

బల్ల మీద పెట్టేది అడుగు ఎత్తు దాటకూడదు. ఎదురుగా కూర్చున్న వియ్యాలవారి ముఖం పూల వెనక దాగిపోతే పలకరింపులు ఎలా సాగుతాయి? లిల్లీ పూల వాసన నాకూ ఇష్టమే, కానీ పులిహోర, సాంబారు వడ్డించే చోట ఆ ఘాటు వాసన వద్దు, వాటిని గుమ్మం వైపుకు పెట్టండి. నీళ్లలో తేలే దీపాలు కూడా గుమ్మం దగ్గరే ఉండాలి, అక్కడ కూడా ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. పట్టుచీరల కొంగులు, పిల్లల పరుగులు ఉన్నచోట భోజనాల బల్లల మీద నిప్పు పెట్టడానికి నేను ఒప్పుకోను.

ఇక పూలను కాపాడటం. విడి బంతి, చామంతి వచ్చీ రాగానే ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి, వెదురు బుట్టల్లోనో పాత నూలు చీర మీదనో పలుచగా పరిచి, పైన తడిపి పిండిన గుడ్డ కప్పండి. పువ్వు మీద నేరుగా నీళ్లు చల్లితే రేకుల మధ్య తడి నిలిచి కుళ్లుతుంది. కాడ ఉన్న గులాబీలను, జెర్బెరాలను మాత్రం ఒకరోజు ముందే తెచ్చుకోవాలి. నీటిలో మునిగే ఆకులన్నీ దూసేసి, పదునైన కత్తితో కాడ చివర ఏటవాలుగా కోసి, శుభ్రంగా తోమిన బకెట్లలో రాత్రంతా నీళ్లు తాగనివ్వండి. జెర్బెరాకు మాత్రం లోతు నీళ్లు పోయకండి, నాలుగు వేళ్ల ఎత్తు చాలు, ఎక్కువైతే కాడ మెత్తబడుతుంది. పెళ్లింట్లో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అరటి గెలలు, పండ్ల బుట్టలు ఉంచిన గదిలోనే పూలు కూడా పెట్టేస్తారు. పండేటప్పుడు పండ్లు విడిచే వాయువు తగిలితే పూలు తొందరగా ముదిరి రాలిపోతాయి. పూలకు వేరే గది ఇవ్వండి, ఎండ పడని ఉత్తరపు గది అయితే మేలు.

ఇంత చాకిరీ కూడా చేయలేమనుకుంటే ఇంకొక దారి ఉంది, నిజానికి నాకు అదే ఎక్కువ ఇష్టం. కడియం నర్సరీల్లో చలికాలానికి చిన్న కుండీల్లో బంతి, చామంతి మొక్కలు పూతతో అమ్ముతారు. బల్లకు ఒకటి చొప్పున, మొగ్గలు సగం విచ్చినవి నెల ముందే చెప్పి పెట్టించుకుంటే వాడిపోతాయన్న దిగులే ఉండదు. నల్ల ప్లాస్టిక్ కుండీకి గోనెగుడ్డ చుట్టి, చిరిగిన పట్టుచీర అంచు ఒకటి కడితే పెళ్లికళ వచ్చేస్తుంది. విందు ముగిశాక దగ్గరి చుట్టాలకు పసుపు కుంకుమలతో పాటు ఆ మొక్క కూడా ఇచ్చి పంపవచ్చు. సగం బల్లలకు కుండీలు, సగం బల్లలకు బోదె మీద పూలు పెట్టుకున్నా బాగానే ఉంటుంది.

పని పంచడం దగ్గర నీకు ఒక ఆంక్ష పెడుతున్నాను. పెళ్లికూతురిని చేసిన తరువాత నువ్వు పూల బుట్టల దగ్గరకు రాకూడదు. గోరింటాకు పండిన చేతులు గంటల తరబడి నీళ్లలో నానకూడదు, ముహూర్తం వేళకు నీ కంటికి నిద్ర కూడా అవసరం. మీ చిన్న మేనత్త కూతుళ్లు ఇద్దరూ పనిమంతులు, వాళ్లకు అప్పగించు. విందు సాయంత్రం అయితే తెల్లవారుజామున పూలు తెప్పించి, మధ్యాహ్నం భోజనాల లోపు గుచ్చడం పూర్తి చేసి, విందుకు రెండు గంటల ముందు మాత్రమే బల్లల మీదకు చేర్చమను. నీళ్లు పోసిన ఉర్లిని మోసుకెళ్లడం కష్టం కనుక, దాన్ని గుమ్మం దగ్గర పెట్టాకే నీళ్లు పోయాలి. పెళ్లయ్యాక వాడిన పూలను దారాలు, ఈనెలు తీసి ఎరువు గుంటలో వెయ్యండి, బోదెలు పశువులకు పెట్టండి. కవర్లలో మూటకట్టి గోదావరిలో వదలడం మన ఇంటి నుంచి జరగకూడదు.

వచ్చే ఆదివారం చేయాల్సింది ఒకటి ఉంది. అరకిలో బంతి, అరకిలో చామంతి తెప్పించి, నేను చెప్పినట్టు ఒక్క బల్లకు సరిపడా చేసి చూడండి. మిగిలిన పూలు తూచితే ఒకదానికి ఎన్ని గ్రాములు పట్టిందో తెలుస్తుంది. పావుకిలో పట్టిందనుకుంటే పాతిక బల్లలకు ఆరుంపావు కిలోలు, నలిగినవీ వాడినవీ పోను ఏడున్నర కిలోలు చెప్పుకోవాలి. చేసినదాన్ని పొద్దున్నే హాల్లో పెట్టి సాయంత్రం దాకా కదపకుండా ఉంచి, పొద్దుటి ఫోటో, సాయంత్రపు ఫోటో రెండూ నాకు పంపు. ఎక్కడ వాడిందో చూసి, ఏ పువ్వు తగ్గించాలో, ఏ ఆకు పెంచాలో అదే రాత్రి ఫోన్ చేసి చెబుతాను. మీ నాన్న బయానా ఇవ్వడానికి వెళ్లేలోపు ఈ లెక్క తేలాలి.

ఇట్లు
మీ పెద్దమ్మ