ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో క్వాంటిటీ × రేటు మొత్తం కూడటం: నేను పడ్డ తిప్పలు

ట్యాగులతో రాసిన ఎక్స్‌ఎమ్‌ఎల్ డేటాని వేరే రూపంలోకి మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాషలో బిల్లు మొత్తం కట్టాలి. స్టైల్‌షీట్ (అంటే ఆ ప్రోగ్రామ్) పైన టోటల్ అనే వేరియబుల్‌ని సున్నాగా పెట్టి, ఫర్-ఈచ్ లూప్‌లో ఒక్కో ఐటమ్ క్వాంటిటీని రేటుతో గుణించి దానికి కలుపుతున్నారు. చివర్లో చూస్తే మళ్లీ సున్నాయే. ఇదే కదా మీ సమస్య? బగ్ కాదండీ. ఇందులో వేరియబుల్‌కి ఒకసారి విలువ ఇచ్చాక మార్చలేం. లూప్‌లో మీరు చేసింది అదే పేరుతో ఇంకో వేరియబుల్‌ని పుట్టించడం. ఆ చుట్టు అయిపోగానే అదీ పోతుంది.

కొత్త వెర్షన్లు తెలిసిన ప్రాసెసర్ (స్టైల్‌షీట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) శాక్సన్ పెట్టుకునే వీలుంటే ఇక్కడే ఆగిపోండి. 2007లో వచ్చిన 2.0 నుంచి ఇది ఒక్క లైన్ పని. మాకు ఆ వీలు లేదు. క్లయింట్ సర్వర్‌లో ఉన్నది లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే ప్రాసెసర్, దానికి తెలిసింది 1999 నాటి 1.0 మాత్రమే. అందులో సమ్ ఫంక్షన్ ఫైల్లో ఉన్న అంకెల్ని కూడుతుంది గానీ, రెండింటిని గుణించి ఆ లబ్ధాల్ని కూడమంటే కూడదు.

అందుకని మొదట రికర్షన్ రాశాను. టెంప్లేట్ (ఫంక్షన్ లాంటి ముక్క) మొదటి ఐటమ్ తీసుకుని, మిగతావాటి కోసం తనను తానే పిలుచుకుంటుంది. ఇరవై లైన్ల బిల్లుతో టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా వచ్చింది. నెలాఖరు స్టేట్‌మెంట్‌లో సుమారు 5000 లైన్లు. సగంలో ఆగిపోయింది! టెంప్లేట్ పిలుపులు 3000 లోతు దాటితే లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ దీన్ని అంతులేని రికర్షన్‌గా అనుమానించి ఆపేస్తుంది. ఆ పరిమితిని పెంచుకోవచ్చు, కానీ ఆ రాత్రి పెంచి పడుకునే ధైర్యం నాకు లేకపోయింది. జాబితాని సగానికి విడగొట్టి, రెండు సగాల మొత్తాల్నీ విడివిడిగా రాబట్టి కలిపాను. అలా చేస్తే 5000 లైన్లకీ లోతు 13 దగ్గరే ఉంటుంది.

ఇప్పుడైతే అదీ వాడను. వేరియబుల్ లోపల ఫర్-ఈచ్ పెట్టి, ప్రతి ఐటమ్‌కీ లబ్ధాన్ని ఒక చిన్న ఎలిమెంట్‌గా రాయించండి. తర్వాత వాటి మీద సమ్. ఇక్కడే అందరూ బోర్లాపడతారు. ఆ వేరియబుల్‌లో ఉన్నది చూడ్డానికి ఎక్స్‌ఎమ్‌ఎల్‌లాగే ఉంటుంది గానీ, 1.0 దాన్ని రిజల్ట్ ట్రీ ఫ్రాగ్మెంట్ అంటుంది, లోపలికి ఎక్స్‌పాత్‌తో (ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఏ ముక్క కావాలో దారి చెప్పే భాష) దిగనివ్వదు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి అదనపు ఫంక్షన్లు ఇచ్చే ఈఎక్స్‌ఎస్‌ఎల్‌టీ వాళ్ల నోడ్-సెట్ ఫంక్షన్‌లోంచి దాటిస్తే దిగనిస్తుంది. దాని నేమ్‌స్పేస్ (ఆ ఫంక్షన్ ఎవరిదో చెప్పే పేరు) స్టైల్‌షీట్ పైన ప్రకటించడం మర్చిపోకండి. మైక్రోసాఫ్ట్ ప్రాసెసర్ ఎంఎస్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అయితే నేమ్‌స్పేస్ వేరు.

ఇంకో సంగతి. గుణించే ముందు రేటులోని కామాల్ని ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో తీసేయండి. మాకు ఒకే ఒక్క ఐటమ్‌కి రేటు "1,250" అని వచ్చింది. అది అంకె కాదు గనక మొత్తం బిల్లే ఎన్‌ఏఎన్ (NaN, అంటే నాట్ ఎ నంబర్) అయింది. కస్టమర్ ఫోన్ చేసి "టోటల్ దగ్గర నాన్ అని ఉందేంటండీ, మేం హోటల్ వాళ్లం కాదు" అన్నారు.

మొత్తం వచ్చాక లక్షల కామాలు పెట్టడం ఇంకో గోల. అంకెల్ని ప్యాటర్న్ ప్రకారం రాసే ఫార్మాట్-నంబర్ ఫంక్షన్‌కి మన పద్ధతి తెలీదు, మూడేసి అంటే అంతటా మూడేసి, రెండేసి అంటే అంతటా రెండేసి అంకెలకే కామా పెడుతుంది. నేను చేసేది ఇదీ: ముందు పైసలతో సహా రెండు దశాంశాలకు స్ట్రింగ్‌గా మార్చి, రూపాయల్లో చివరి మూడంకెల్ని పక్కన పెడతాను. ముందు మిగిలినదానికి రెండేసి అంకెల ప్యాటర్న్ ఇచ్చి, మధ్యలో కామాతో మళ్లీ అతికిస్తాను. 1234567లో 1234 కాస్తా 12,34 అవుతుంది, దానికి 567 తగిలిస్తే 12,34,567. వెయ్యి లోపు మొత్తాలకి ఈ తంతు అక్కర్లేదు, వాటిని విడిగా చూసుకోండి. లేకపోతే 850 రూపాయల బిల్లు మళ్లీ ఎన్‌ఏఎన్‌తో, కామాతో మొదలవుతుంది.