ఏనుగు హస్తి అయితే మనిషి ఎందుకు కాలేదు?

సందేహం: మా బాబు సైన్స్ ఫేర్‌కు ‘మనిషిలా నాగరికత సాధించగల జంతువు ఏది?’ అని చార్టు రాశాడు. అందులో ‘ఏనుగుకు తొండమే చెయ్యి’, ‘పుట్టలు కట్టే చీమల నాగరికత’ అన్న మాటల్ని వాళ్ల సారు కొట్టేశారు. అవి తప్పా? చెయ్యి ఉన్నందుకు ఏనుగు హస్తి అయితే మనిషి ఎందుకు కాలేదు? – ఒక తల్లి, హన్మకొండ

సమాధానం: మొదటిది తప్పు కాదమ్మా. హస్తం గలది హస్తి, కరం గలది కరి. మరి మనిషి సంగతి? సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ‘హస్తాజ్జాతౌ’ (5.2.133) అని సూత్రమే పెట్టాడు. జాతికి పేరైతేనే హస్తి. చేతులున్న మనిషిని చెప్పాలంటే హస్తవాన్. ఆ సూత్రం లేకుంటే మనమంతా హస్తులమే!

ఈసారి రామప్పకు పోతే గుడి చుట్టూ చెక్కిన ఏనుగుల బారు చూపించండి. మన ఏనుగు తొండం కొసన వేలులాంటి మొన ఒకటుంటుంది. చిన్న గింజనైనా దానితో ఏరుకుంటుంది. కొమ్మ విరిచి, పొడుగెక్కువైతే కురచ చేసుకొని ఈగలు తోలుకుంటుంది. ఇది చేతిపని కాక మరేమిటి? తెలుగులో అవయవమూ చెయ్యే, పని చెప్పడమూ ‘చెయ్యి’ అనే. రూపం కలిసిందని రెండూ ఒకే మాట అనుకోవద్దు. అవయవం కన్నడంలో కై. అక్కడి కివి మనకు చెవి అయినట్టే ఇదీ మారింది.

రెండో మాట దగ్గర నేను సారు పక్షమే, సగం వరకు. నాగరికత నగరం నుంచి వచ్చింది, పుట్ట నగరమేగా అంటాడు మీవాడు. పైగా కొన్ని చెదలు పుట్టలో బూజును సాగు చేసి తింటాయి. వానలు పడగానే దాని మీద లేచేదే పుట్టగొడుగు: పుట్ట మీది గొడుగు. సేద్యం సంగతి తెలియకపోయినా మనవాళ్లు పేరు మాత్రం కళ్లారా చూసి పెట్టారు. అయినా ఆ కట్టడం చెదకు పుట్టుకతో వచ్చింది. ఒకరు నేర్పితే ఇంకొకరు మెరుగుపరిచేదాన్నే వాడుకలో నాగరికత అంటున్నాం. ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులు, బోలెడు తెలివి. కానీ గుడ్లు పొదగడంతో తల్లి ఆయువు తీరుతుంది, పిల్లకు నేర్పేదెవరు? కాబట్టి చార్టులో ‘నాగరికత’ను ‘సమాజం’ అని దిద్దించండి.

చీమలు అన్నచోట చెదలు అని కూడా మార్చమనండి. ‘చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు’ అని సామెత ఉన్నా, మనం చూసే ఆ పెద్ద మట్టిపుట్టలు పెట్టేది చెదలే.