ఒకే ఇంటికి రెండు జెండాలు: గోవన్‌లో నేను చూసినది

"స్కాట్లాండ్ ప్రజలు తమను స్కాటిష్ అనుకుంటారా, బ్రిటిష్ అనుకుంటారా? బ్రిటన్ జెండా యూనియన్ జాక్ ఉండగా వాళ్లకు ఇంకో జెండా ఎందుకు?" అని ఒకరు నన్ను అడిగారు. దీనికి మనవాళ్లు ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది: స్కాట్లాండ్ కూడా మనలాగే ఇంగ్లీషువాళ్ల కింద నలిగిన దేశం, అందుకే ఆ జెండా అంటే వాళ్లకు గిట్టదు అని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. 2013 సెప్టెంబరు నుంచి 2015 జనవరి వరకు నేను గ్లాస్గోలో చదువుకుంటూ, క్లైడ్ నదికి దక్షిణాన ఉన్న గోవన్ పేటలో ఒక కుటుంబం ఇంట్లో మేడ మీది గదిలో అద్దెకు ఉన్నాను. ఆ రెండు జెండాలు ఒకే ఇంటి గోడ మీద ఎగరడం కళ్లారా చూశాను.

ఇంటి పెద్దాయన వయసులో ఉండగా కొన్నేళ్లు సైన్యంలో పనిచేసి, తర్వాత జీవితమంతా ఓడలు కట్టే కార్ఖానాలో వెల్డరుగా గడిపారు. నన్ను "హెన్" అని పిలిచేవారు. అంటే కోడిపెట్ట అని అర్థమైనా గ్లాస్గోలో అది "అమ్మాయీ" అన్నంత ఆప్యాయమైన పిలుపు. ఆయన భార్య కాస్త మితభాషి. కొడుకుకు ముప్పై ఏళ్లుంటాయి, బడిలో చరిత్ర చెప్పేవాడు. కూతురు పెళ్లి చేసుకుని ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో స్థిరపడింది.

2014 సెప్టెంబరు 18న స్కాట్లాండ్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా అన్నది ఒక్కటే ప్రశ్న, అవును, కాదు అన్నవి రెండే జవాబులు. అంతకు ముందు జూలై 23 నుంచి ఆగస్టు 3 వరకు అదే గ్లాస్గోలో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. ఆ పోటీల్లో స్కాట్లాండ్ తన సొంత జట్టుతో ఆడుతుంది కాబట్టి ఊరంతా సాల్టైర్ జెండాలే. నీలం గుడ్డ మీద మూల నుంచి మూలకు తెల్లని శిలువ, సెయింట్ ఆండ్రూ గుర్తు. కొడుకు తన కిటికీకి ఒకటి కట్టాడు. తండ్రి దాన్ని చూసి ముడి వదులుగా ఉందని తానే మళ్లీ గట్టిగా కట్టారు కూడా.

క్రీడలు ముగిశాయి. కొడుకు జెండా దించలేదు. దాని కింద కిటికీ అద్దానికి "అవును" అని పెద్ద అక్షరాలున్న కాగితం అంటించాడు. గుడ్డ అదే, కిటికీ అదే. కానీ ఆ రోజు నుంచి పెద్దాయనకు అది తాను కట్టిన జెండాలా కనిపించలేదు. ఆ జెండా కింద నుంచే ఇంట్లోకి వస్తూ పోతూ, తల పైకెత్తేవారు కాదు.

ఆగస్టు నెలాఖరులో ఒక సాయంత్రం ఆయన బీరువా నుంచి మడతపెట్టిన యూనియన్ జాక్ తీసుకుని మేడ మీదికి వచ్చారు. తన మోకాళ్లు సహకరించడం లేదని, వీధి వైపున్న నా కిటికీ నుంచి కర్రకు కట్టమని అడిగారు. నాకు అందులో పెద్ద విషయం ఏమీ కనిపించలేదు. కట్టేశాను. ఆయన కిందికి దిగి వీధిలో నిలబడి చూసి, ఒక్కసారిగా అరిచారు. తలకిందులుగా కట్టానట!

ఆ జెండాకు తలకిందులు ఉంటుందని నాకు తెలియదు. ఎటు చూసినా ఒకేలా ఉంటుందని మనలో చాలామంది అనుకుంటాం. ఆయన మళ్లీ మెట్లెక్కి వచ్చి, రొప్పుతూనే, వేలు పెట్టి చూపించారు. మూల నుంచి మూలకు పోయే ఎర్ర చారకు ఒక పక్క తెలుపు వెడల్పుగా, రెండో పక్క సన్నగా ఉంటుంది. కర్ర వైపు భాగంలో వెడల్పు తెలుపు పైన ఉండాలి. "ఈ వెడల్పు తెలుపు, దీని కింద నీలం మావి, హెన్. ఈ ఎరుపు ఐర్లాండ్‌ది. కర్ర దగ్గర మేము పైన ఉంటాం. నువ్వు తిప్పికట్టి మమ్మల్ని కిందికి తోశావు" అన్నారు. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది. ఆయనకు యూనియన్ జాక్ అంటే లండన్ జెండా కాదని, అందులో సాల్టైర్ ఉంది కాబట్టే అది తన జెండా అని అప్పుడు తెలిసింది నాకు.

ఈ గొడవ ఆయనతో మొదలైంది కాదు. 1603లో స్కాట్లాండ్ రాజు ఆరవ జేమ్స్‌కే ఇంగ్లండ్ సింహాసనం కూడా దక్కింది. అంటే రాజును ఇచ్చింది స్కాట్లాండ్. 1606లో ఆయన రెండు శిలువలను కలిపి ఓడలకు ఒక జెండా చేయించాడు. అందులో ఇంగ్లండ్ ఎర్ర శిలువను పైన వేశారని స్కాటిష్ ఓడల యజమానులు వెంటనే ఫిర్యాదు చేశారు. తమ శిలువను పైన వేసుకున్న జెండా కూడా స్కాట్లాండ్‌లో కొంతకాలం వాడుకలో ఉండేది. 1707లో రెండు పార్లమెంట్లు ఒకటయ్యాయి. ఐర్లాండ్ ఎర్ర శిలువ 1801లో చేరింది. ఎవరి గీత ఎవరి మీద ఉందన్న తగాదా ఆ జెండా పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. గోవన్‌లో ఒక వెల్డరు నా కిటికీ కింద నిలబడి అరిచింది కూడా దాని గురించే.

కొడుకు వాదన తేలికైనది కాదు. 2010 ఎన్నికల్లో స్కాట్లాండ్‌లోని 59 స్థానాల్లో కన్జర్వేటివ్ పార్టీ గెలిచింది ఒక్కటి. అయినా ఆ పార్టీ నాయకుడే బ్రిటన్ ప్రధాని అయ్యాడు. తలపన్నును ఇంగ్లండ్ కంటే ఒక సంవత్సరం ముందుగా, 1989లోనే, స్కాట్లాండ్ మీద వేశారు. అణ్వాయుధాల జలాంతర్గాములు ఉండేది గ్లాస్గోకు దగ్గరలోని ఫాస్‌లేన్‌లో. "మనం ఓటు వేసేది ఒకరికి, మనల్ని పాలించేది ఇంకొకరు" అనేవాడు. తండ్రి దానికి ఒకే మాటతో బదులిచ్చేవారు: "నీకు అన్నం పెట్టిన ఓడలకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?" బ్రిటిష్ నౌకాదళపు కొత్త విమానవాహక నౌకల భాగాలు గోవన్‌లోనే తయారయ్యాయి. వేరే దేశమైతే ఆ పనులు ఇక రావని ఆయన భయం. ఇద్దరూ స్కాట్లాండ్ మంచి కోరే మాట్లాడేవారు. తండ్రికి స్కాట్లాండ్ మీద ప్రేమ తక్కువని కొడుకు ఒక్కసారి నోరు జారాడు, ఆ రాత్రి పెద్దాయన భోజనానికి రాలేదు.

మనవాళ్ల మీద నాకున్న కోపం ఇక్కడే చెప్పేస్తాను. మాది గుత్తి. సర్ థామస్ మన్రో మా వైపు ఎంత తెలిసిన పేరో చెప్పక్కర్లేదు. దత్త మండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరు. 1827లో మద్రాసు గవర్నరు హోదాలో పర్యటిస్తూ పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు మా గుత్తిలోనే ఖననం చేశారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లు ఉండేవారని మా పెద్దలు చెప్పేవారు. ఆయన్ను మనం "ఇంగ్లీషు దొర" అంటాం. ఆయన 1761లో గ్లాస్గోలో పుట్టి, గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే చదువుకున్న స్కాటిష్ మనిషి. మన ఊళ్ల చరిత్రను కైఫియత్తులుగా సేకరించిన కాలిన్ మెకంజీ స్కాట్లాండ్ వాయవ్యపు కొసన ఉన్న లూయిస్ దీవిలోని స్టోర్నవే పట్టణం వాడు. ఇద్దరినీ ఇంగ్లీషువాళ్ల పద్దులో రాసేశాం. ఆ ఇద్దరి వల్ల కలిగిన మేలును ఇంగ్లండ్‌కు జమ కట్టి, స్కాట్లాండ్‌ను మాత్రం మనతో పాటు బాధితుల వరసలో కూర్చోబెడతాం. ఇది చరిత్ర కాదు. 1690ల చివర పనామా తీరంలో సొంత వలస పెట్టబోయి స్కాట్లాండ్ చేతులు కాల్చుకుంది. 1707 కలయికతో ఇంగ్లండ్ వలసల వ్యాపారం వాళ్లకూ తెరుచుకుంది. గ్లాస్గో నడిబొడ్డున జమైకా వీధి, వర్జీనియా వీధి ఊరికే రాలేదు. పొగాకు, చక్కెర, బానిసల చెమట అన్నీ ఆ పేర్లలో ఉన్నాయి.

మన్రో కథ నేను ఆ ఇంట్లో టీ తాగుతూ చెప్పాను. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "మా ఊరి పిల్లవాడు!" అన్నారు. కొడుకు మాత్రం "అతణ్ని అక్కడికి ఎవరు రమ్మన్నారు?" అని నన్నే అడిగాడు. నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. ఆ రోజు వాళ్లిద్దరి మధ్య ఉన్న తేడా అంతా అక్కడే బయటపడింది. కలిసి చేసినదాన్ని తండ్రి బ్రిటిష్ అని పిలుచుకుని గర్వపడతారు. దాన్నే కొడుకు బ్రిటిష్ అని పిలిచి దూరం పెడతాడు. స్కాటిష్ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ తగాదా లేదు.

అప్పుడే పెద్దాయన నన్ను అడిగారు: "జూన్‌లో మీ రాష్ట్రం రెండుగా విడిపోయిందన్నావు కదా, మీరు ఎటు ఓటేశారు?" మాకు అలాంటి ఓటు ఉండదని, పార్లమెంటు చట్టం చేస్తుందని చెబితే నమ్మలేకపోయారు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు నేను ఆ వంటింట్లోనే ఫోను పట్టుకుని కూర్చున్నాను. మన దగ్గర అంత వేదన జరిగినా జెండాల తగాదా మాత్రం రాలేదు, ఎందుకంటే మన రెండు రాష్ట్రాలకూ వేరే జెండాలే లేవు. తెలుగుతనం నాలుక మీద ఉంటుంది, త్రివర్ణం కర్ర మీద ఉంటుంది, రెండూ ఢీకొనవు. స్కాట్లాండ్‌లో రెండూ ఒకే కర్ర కోసం పోటీ పడతాయి.

నాకు ఓటు వచ్చింది. స్కాట్లాండ్‌లో నివసించే కామన్వెల్త్ పౌరులకు ఆ ప్రజాభిప్రాయ సేకరణలో హక్కు ఉంది, పదహారేళ్లు నిండిన పిల్లలకు కూడా ఇచ్చారు. స్కాట్లాండ్‌లో పుట్టి బయట స్థిరపడినవారికి లేదు. లీడ్స్ నుంచి కూతురు ఫోను చేసి ఏడ్చింది. "నేను గోవన్‌లో పుట్టాను. నాకు లేని ఓటు మేడ మీద అద్దెకున్న అమ్మాయికా?" అన్న మాట నాకు మెట్ల మీద వినిపించింది. నేను వేయననే చెప్పాను. తండ్రీ కొడుకులు ఆ నెలంతటిలో ఒక్కటయింది అప్పుడే. ఇక్కడ ఉంటున్నావు, ఇక్కడి బడులూ ఆసుపత్రులూ ఎలా ఉండాలో నీకూ పట్టాలి, వెళ్లి వేయమని ఇద్దరూ నన్ను గదమాయించారు. ఏ దేశభక్తి గురించి ఎవరు ఏం చెప్పినా, పుట్టుక కంటే ఉనికిని పెద్దది చేసిన ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. వెళ్లి వేశాను. ఎటు వేశానో ఆ ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

లెక్కలు కావాలంటే ఇవిగో. 2011 జనాభా లెక్కల్లో "స్కాటిష్ మాత్రమే" అన్నవారు సుమారు 62 శాతం, "స్కాటిష్, బ్రిటిష్ రెండూ" అన్నవారు 18 శాతం. 2022లో మొదటిది 65 దాటింది, "బ్రిటిష్ మాత్రమే" అన్నవారు 8 నుంచి దాదాపు 14కు పెరిగారు. "రెండూ" అన్నవారు 8 శాతానికి పడిపోయారు. నన్ను బాధించేది ఈ చివరి అంకె. మా పెద్దాయన లాంటివాళ్లకు పెట్టుకోవడానికి గడి మిగలడం లేదు. సాల్టైర్‌ను ఒక పక్షం, యూనియన్ జాక్‌ను ఇంకో పక్షం తీసేసుకోవడం వల్లే ఇలా జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను.

సెప్టెంబరు 19 తెల్లవారేసరికి ఫలితం తెలిసింది. కాదన్నవారు 55.3 శాతం, అవునన్నవారు 44.7. గ్లాస్గో మాత్రం అవునంది. కొడుకు రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. పెద్దాయన గెలిచిన మనిషిలా లేరు, కొడుకు తలుపు ముందు టీ కప్పు పెట్టి వచ్చారు. సాయంత్రం టీవీలో గ్లాస్గో నడిబొడ్డున ఉన్న జార్జ్ స్క్వేర్ చూపించారు. యూనియన్ జాక్‌లు కప్పుకున్న ఒక గుంపు, అవునన్న పక్షం పిల్లల మీదికి అరుస్తూ పోవడం, మధ్యలో పోలీసులు. పెద్దాయన కాసేపు చూసి, లేచి మేడ మీదికి వచ్చారు. మోకాళ్ల నొప్పి అని నన్ను అడగలేదు, తానే కిటికీలోంచి వంగి జెండా విప్పి, సైన్యంలో నేర్చుకున్న పద్ధతిలో మడతపెట్టారు.

అలికిడికి కొడుకు బయటికి వచ్చాడు. తండ్రి చేతిలోని మడత చూసి, ఏమీ మాట్లాడకుండా తన కిటికీ దగ్గరికి వెళ్లి, కాగితం చింపేసి, సాల్టైర్ ముడి విప్పబోయాడు. పెద్దాయన గుమ్మంలోంచే ఆపారు. "అది ఉండనీ. కాగితం నీది, జెండా నాది కూడా" అన్నారు.

జనవరిలో నేను ఇల్లు ఖాళీ చేసేనాటికి అది వానలకు వెలిసి, అంచులు పీలికలై, ఇంకా అక్కడే ఉంది.